పెద్ద మామా చెట్టు మీద నా మొక్కు

మొక్కుకునేటప్పుడు ఆ చెట్టు ఎవరిదన్న ఆలోచన నాకు రాలేదు. చెట్టు పెద్ద మామాది. అది నిలబడ్డ నేల ఆవిడది. దానికి పోసే నీళ్లు ఆవిడ గది ఏసీ పైపులోంచి బకెట్లోకి కారినవి. మొత్తం వ్యవహారంలో నాదంటూ ఉన్నది ఒక్క నోరు. ఆ నోటితోనే, "స్వామీ, ఈ చెట్టు కాస్తే తొలి పండు నీకే" అనేశాను. అడగాల్సిన మనిషి అక్కడే, ఎండలో కుర్చీ వేయించుకుని ఖర్జూరం నములుతూ కూర్చుంది. ఆవిడని అడగడం మాత్రం నాకు తోచలేదు. దేవుడితో నేరుగా మాట్లాడే అలవాటు ఉన్నవాళ్లకి మధ్యలో మనుషులు కనిపించరు కాబోలు.

ఇళ్లలో పనిచేసే మేమంతా యజమానురాలిని మామా అంటాం. మా ఇంట్లో ఇద్దరు. ఉద్యోగానికి వెళ్లే కోడలు మామా, ఇంటి పట్టున ఉండే అత్తగారు పెద్ద మామా. నేను కువైట్‌లో, రుమైథియా అనే పేటలో వాళ్లింట్లో వంట చేస్తాను, పెద్ద మామా మంచీ చెడ్డా చూస్తాను. సొంతూరు కోనసీమ. మా నాన్న మా ఊరి రామమందిరంలో భజన నడిపేవాడు, శనివారాలు పురాణం చదివి అర్థం చెప్పేవాడు. ఆయన పక్కన కూర్చుని, ఎక్కాలు రాకముందే నేను స్వామి వెయ్యి నామాలు నేర్చుకున్నాను. ఈ సంగతి ఎవరడిగినా అడక్కపోయినా చెప్పడం నాకు అలవాటు. ఇప్పుడూ చెప్పేశాను, చూశారుగా.

శుక్రవారం నాకు సెలవు. మహబూలాలో మనవాళ్ల ఫ్లాట్ ఒకదాంట్లో భజన జరుగుతుంది. పక్కవాళ్లకి ఇబ్బంది కాకుండా తాళాలకి రుమాళ్లు చుట్టి వాయిస్తాం. పప్పు గుత్తితో మెదుపుతున్నట్టు వస్తుంది చప్పుడు. అక్కడ ఎవరైనా నామం తప్పు చదివితే దిద్దేది నేను. ఏ పండు నైవేద్యానికి పనికొస్తుంది, ఏది పనికిరాదు అని తేల్చేదీ నేనే. నేల రాలింది పనికిరాదు. వాసన చూసింది పనికిరాదు. కట్టి విడిచిన బట్ట తగిలింది పనికిరాదు. మగ్గబెట్టింది పనికిరాదు, చెట్టునే పండాలి. ఈ ఆఖరిది మా నాన్న చెప్పిన నియమం కాదు. మా ఊళ్లో అరటిగెలలు గోతిలో పెట్టి పొగ వేసి మగ్గబెట్టేవాళ్లు, ఆ పళ్లే స్వామికి పెట్టేవాళ్లు, స్వామి ఏనాడూ వెనక్కి పంపలేదు. మా అమ్మయితే వీధి కుళాయి నీళ్లతోనే అభిషేకం కానిచ్చేసేది. మడి అంతా నేను కువైట్ వచ్చాకే నేర్చుకున్నాను. దేశం మారితే మనిషికి ఏదో ఒకటి పెరుగుతుంది. కొందరికి షుగరు, నాకు నియమాలు.

ఇక చెట్లు. అవి బేరిచెట్లు. మన వైపు బేరికాయ అంటే కరకరమంటూ పళ్ల కింద ఇసకలా తగిలేది, అది కాదు. ఇది యూరప్ జాతి. సూపర్ మార్కెట్లో పియర్ అని రాసి అమ్మేది. మెడ సన్నగా, నడుం లావుగా ఉంటుంది. సరిగ్గా పండితే చెంచాతో తినొచ్చు. పెద్ద మామా దాన్ని అర్మూత్ అంటుంది. చలిదేశపు చెట్టు ఈ ఎండలో ఎందుకు బతుకుతుందని ఇంట్లో అందరూ అన్నారు. కొద్దిపాటి చలికే పూసే రకం ఉందని కొడుకు ఎక్కడో నర్సరీలో వెతికి, రెండు మొక్కలు తెచ్చి గోడవార నాటించాడు. ఒంటి చెట్టు కాయదట, జోడు కావాలట.

ఆవిడకి ఆ చెట్ల మీద ఎందుకంత మనసంటే, పెళ్లయిన కొత్తలో భర్త ఆవిడని వేసవికి ఏదో కొండల ఊరు తీసుకెళ్లాడు. వాళ్లు అద్దెకున్న ఇంటి పెరట్లో ఈ చెట్టు ఉండేది. ఆ ఇంటావిడ కాయలు రాళ్లలా ఉన్నప్పుడే కోసేసి, ఉన్ని బట్టల సొరుగులో దాచేదట. కొన్నాళ్లకి సొరుగు లాగితే గదంతా వాసనట. భర్త పోయి చాలా ఏళ్లయింది. ఆ కొండల ఊరి పేరు ఆవిడ ఒక్కోసారి ఒక్కోటి చెబుతుంది. సొరుగు మాత్రం మారదు.

"కాయని చేత్తో ఇలా పైకెత్తాలి," అని మణికట్టు తిప్పి చూపించేది. "టక్కున ఊడొస్తే కోయడానికి వేళైనట్టు. ఊడకపోతే సబర్." సబర్ అంటే ఓర్పు.

నేను తలూపేదాన్ని. పెద్దావిడ కదా, ఏదో కలిపి చెబుతోంది, పళ్లు తీసుకెళ్లి ఎవరైనా బట్టల్లో పెడతారా అనుకునేదాన్ని.

నేను మొక్కుకున్న చలికాలంలోనే ఇంకో సంగతి తేలింది. చలిదేశంలో కాపురం ఉంటున్న కూతురు, వచ్చే వేసవిలో తల్లిని తీసుకెళ్లి తన దగ్గరే ఉంచుకుంటానంది. మోకాళ్లకి వైద్యం అక్కడే, ఆ తర్వాత ఉండడమూ అక్కడే. పెద్ద మామా సరేనంది. నాతో మాత్రం, "వెళ్లేలోపు నా చెట్టు పండు ఒక్కటి తింటే చాలు" అంది.

"అక్కడ బుట్టలకొద్దీ దొరుకుతాయి కదా మామా."

"దొరుకుతాయి. అవి వాళ్ల చెట్లవి."

డిసెంబరు వచ్చినా మా చెట్లు ఆకు రాల్చలేదు. ఆకు రాలితేగాని అది నిద్రపోదు, నిద్రపోతేగాని పూయదు, ఇక్కడి చలికి దానంతటది రాల్చదు కాబట్టి చేత్తో దూసెయ్యండని నర్సరీవాళ్లు కబురు చేశారు. ఆ పని నా మీద పడింది. పచ్చటి ఆకులు దూసి పారేయడానికి నాకు మనసొప్పలేదు. పైగా ధనుర్మాసం. అప్పుడు నాకో దివ్యమైన ఆలోచన వచ్చింది. ఆకుకో నామం చదివితే అర్చనకి అర్చనా అవుతుంది, పనికి పనీ అవుతుంది.

తలస్నానం చేసి, తడిజుట్టు ముడేసుకుని, చెట్టు కింద ఉతికిన దుప్పటి పరిచి మొదలుపెట్టాను. ఒక నామం, ఒక ఆకు. పెద్ద మామా కుర్చీలోంచి చూస్తోంది.

"చెట్టుతో ఏం మాట్లాడుతున్నావ్?"

"నిద్రపొమ్మని చెబుతున్నా మామా."

"ఇంతసేపా? నా మనవలు ఇంతకన్నా తొందరగా పడుకునేవాళ్లు."

వెయ్యి నామాలూ అయిపోయాయి. రెండో చెట్టు సగం ఆకులతో అలాగే ఉంది. మళ్లీ మొదటినుంచి ఎత్తుకుంటే మధ్యలో ఆపకూడదు, అవతల మధ్యాహ్నం అన్నానికి ఎసరు పెట్టే వేళ. నూట ఎనిమిదితో సరిపెట్టి, మిగిలినవి గబగబా దూసేశాను. ఆ ఆఖరి గుప్పెళ్లకి నామమూ లేదు, పాడూ లేదు. స్వామి గమనించి ఉండడులే అనుకున్నాను. వెయ్యి కళ్లున్నవాడని అప్పుడే చదివాను కూడా.

గోడ అవతల చీపురు ఆగింది. పక్కింట్లో పనిచేసే కడప అమ్మాయి తల పైకెత్తి చూసింది. నాకంటే బాగా చిన్నది. శుక్రవారాలు నాతో భజనకి వస్తుంది. నన్ను అక్కా అంటుంది, గౌరవం అక్కడితో సరి.

"ఏందక్కా, చెట్టుకు గుండు కొట్టిచ్చినావే! మొక్కుబడా?"

ఆ పిల్ల ఎగతాళికే అంది. నాకు మాత్రం అది పైనుంచి వచ్చిన మాటలా వినిపించింది. అప్పుడే, ఆ బోడిచెట్టు ముందు నిలబడి మొక్కేసుకున్నాను. పెద్ద మామాకి పండు దక్కాలనే మొక్కాను, అది నిజం. కానీ తొలి పండు స్వామికి అన్నాను. మరి మొక్కంటే అలాగే కదా ఉంటుంది. "కాస్తే ముసలావిడకి పెడతాను" అంటే అది వంట, మొక్కు కాదు.

ఫిబ్రవరి చివర్లో పూత వచ్చింది. తెల్లగా, గుత్తులు గుత్తులుగా, రుమైథియా మొత్తం మీద మా గోడవార మాత్రమే ఏదో పెళ్లి జరుగుతున్నట్టుంది. పూలైతే వచ్చాయిగాని వాటి మీద వాలే తేనెటీగ ఒక్కటీ కనబడలేదు. కోడలు మామా బుగ్గలకి రాసుకునే మెత్తటి బ్రష్ తీసుకుని, ఈ చెట్టు పుప్పొడి ఆ చెట్టు పూలకి, ఆ చెట్టుది ఈ చెట్టుకి అద్దాను. ముక్కుకి అడ్డంగా చున్నీ కట్టుకున్నాను. ఏ పువ్వు స్వామి పండు కాబోతోందో తెలియదు, వాసన తగిలితే ఎలా? బ్రష్ కడిగి, ఆరబెట్టి, ఎక్కడిదక్కడ పెట్టేశాను. కోడలు మామాకి ఈ సంగతి ఇప్పటికీ తెలియదు.

పిందెలు పట్టాయి. పొద్దున్నే ఏసీ బకెట్లో నీళ్లు తీసుకెళ్లి ఒక్కో చెట్టుకి పోసేటప్పుడు పెద్ద మామా కిటికీలోంచి వేలు చూపించి, "ఆ కొమ్మకి ఉందా? దాని పక్కన?" అని అడిగేది. ఆవిడకి ఆ దూరం కనబడదు. నేను ఉందంటే ఉన్నట్టు. దుమ్ము గాలులకి పిందెలు చాలామటుకు రాలిపోయాయి. వేసవి ముదిరేసరికి చేతివేళ్ల మీద లెక్కపెట్టేన్ని మిగిలాయి. పిట్టలు కొట్టకుండా, ఎవరి చెయ్యీ తగలకుండా, ఉతికిన రవికె ముక్కలతో సంచులు కుట్టి ఒక్కో కాయకి తొడిగాను. ఎరుపు, పసుపు, చిలకపచ్చ. చెట్టు చీరల కొట్టు ముందు బొమ్మలా తయారైంది.

ఒకనాడు దుమ్ము తుఫాను వెలిశాక చూస్తే, ఎర్ర సంచీ తొడిగిన కాయ ఒకటి కింద పడి ఉంది. పూర్తిగా ఎదిగిన కాయే, రాయిలా గట్టిగా ఉంది. నేల రాలింది కాబట్టి స్వామికి పనికిరాదు. పచ్చిది కాబట్టి పెద్ద మామాకీ పనికిరాదు. విసుగ్గా తీసుకొచ్చి వంటింటి గట్టు మీద పడేశాను. సాయంత్రానికి అది అక్కడ లేదు. ఎవరో చెత్తలో వేసి ఉంటారనుకుని మర్చిపోయాను.

ఆ మర్నాడు పెద్ద మామా కర్ర పట్టుకుని తనే చెట్టు దగ్గరికి వచ్చింది. ఒక సంచీ విప్పించింది. కాయని అరచేతిలోకి తీసుకుని మెల్లగా పైకెత్తబోయింది. నేను చెయ్యి అడ్డుపెట్టాను.

"ఆగు మామా. తొలి పండు మా దేవుడికి మొక్కాను."

"ఏ పండు?"

"ఈ చెట్టు పండు."

"ఎవరి చెట్టు?"

అప్పుడు వెలిగింది నాకు. ఆవిడ ఆ ప్రశ్న అడిగేదాకా, అన్ని నెలలూ, నీళ్లు మోస్తూ, సంచులు కుడుతూ, ఒక్కసారి కూడా వెలగలేదు.

"నీ చెట్టు మామా."

"నా చెట్టుని నాకు చెప్పకుండా నీ దేవుడికి ఇచ్చేశావ్."

ఆవిడ కోప్పడి ఉంటే బాగుండేది. నవ్వింది. కర్ర మీదికి ఒరిగి మరీ నవ్వింది. "ఇచ్చేవాడే ఆయన. ఆయనకి మనం పండు ఇవ్వడమా?" అంది. తర్వాత నవ్వు ఆపేసి నా ముఖంలోకి చూసింది. "కానీ మాటిచ్చావు. మాటంటే మాటే. ముందు ఆయనకి పెట్టు. ఆయనది అయ్యాకే నేను తింటాను. యల్లా, కొయ్యి."

అక్కడ కోసి ఉన్నా సరిపోయేది.

"ఇప్పుడే కాదు మామా. చెట్టునే పండాలి. పచ్చిది కోసి పెట్టకూడదు."

"అర్మూత్ చెట్టున పండదు. చెప్పాను కదా. సొరుగు."

"మామా, నేను కోనసీమ దాన్ని. పండ్ల సంగతి మాకు తెలియదా?"

కోనసీమలో కొబ్బరి ఉంది, అరటి ఉంది, మామిడి, పనస ఉన్నాయి. బేరి లేదు. ఆ చిన్న విషయం ఆ క్షణంలో నాకు అడ్డం రాలేదు. అరబ్బీ కూడా ఆ రోజు నాకు ఎప్పుడూ లేనంత ధారాళంగా వచ్చింది.

పెద్ద మామా కాయ మీదనుంచి చెయ్యి తీసేసింది. "నీ దేవుడు, నీ ఇష్టం," అంది. "నా ప్రయాణం మాత్రం ఆగదు."

ప్రయాణం ఆదివారమని తేలింది. దానికి ముందు శుక్రవారం ఏకాదశి కలిసొచ్చింది. ఏకాదశి, శుక్రవారం, తొలి పండు, చెట్టున పండింది. ఇంతకన్నా ఏం కావాలి? ఆ రోజుకే ముహూర్తం పెట్టేశాను. అప్పటిదాకా సంచుల కింద నుంచి తొంగి చూస్తూ, పచ్చదనం పోయి బంగారపు రంగు తిరుగుతుంటే మురిసిపోతూ తిరిగాను. పెద్ద మామాకి ఆ రోజుల్లో తిండి బాగా తగ్గింది. ఇల్లు వదిలి వెళ్లే బెంగ కావచ్చు. అన్నం పళ్లెం పక్కకి నెట్టి, కిటికీ వైపు చూసి అడిగేది.

"పండిందా?"

"ఇంకా లేదు మామా. సబర్."

ఆవిడ నేర్పిన మాట ఆవిడకే చెప్పాను, అదీ రోజూ.

గోడ అవతలి పిల్ల కూడా ఊరుకోలేదు. "యాలక్కా ఈ యాతన? సూపర్ మార్కెట్లో నిగనిగలాడేవి ఉండాయి. ఒకటి తెచ్చి మీ స్వామికి పెట్టు, ఈ చెట్టువి ఆ ముసలామెకు పెట్టు. ఇద్దరూ తింటారు, నువ్వు గమ్మునుండొచ్చు."

"మొక్కంటే అంగడి బేరం కాదే. చెట్టుకి మొక్కాను, చెట్టుదే పెట్టాలి."

"చెట్టు నీది కాదు కదక్కా?"

"నీకు శాస్త్రం తెలియదు, నువ్వు మాట్లాడకు."

శాస్త్రంలో పరుల సొత్తుతో మొక్కు తీర్చుకోవడం గురించి ఏముందో నాకూ తెలియదు. తెలుసుకోవాలని ప్రయత్నించలేదు కూడా. తెలిస్తే ఇబ్బందయ్యేలా ఉంది.

శుక్రవారం పొద్దున్న అన్నిటికన్నా పెద్ద పండు, మచ్చ లేనిది, కోశాను. చెయ్యి వేస్తేనే ఊడి వచ్చింది. స్వామి ఆత్రం అనుకున్నాను. పట్టు గుడ్డలో చుట్టి, ముక్కుకి దూరంగా ఒళ్లో పెట్టుకుని టాక్సీలో కూర్చున్నాను.

"చంటిబిడ్డను టీకాలకు తీస్కపోతాండావా అక్కా?" అంది పక్కన కూర్చున్న కడప పిల్ల.

పండు చుట్టూ పట్టు గుడ్డ సర్దుకున్నాను. మౌనంలో ఉన్నాను.

భజన బాగా జరిగింది. పండు కోయకుండా, నిండుగా నివేదన చేశాను. ఆ తర్వాత ఓర్పు గురించి చిన్న ఉపన్యాసం ఇచ్చాను. మనుషులు తొందరపడి పచ్చివి కోసుకుంటారు, భక్తుడు మాత్రం చెట్టునే పండనిస్తాడు అన్నాను. అది చిన్న ఉపన్యాసమని నేననుకున్నాను. వెనక కూర్చున్నవాళ్లు కాళ్లు మార్చుకుని మార్చుకుని అలిసిపోయారని తర్వాత తెలిసింది. అందరూ చేతులు జోడించి ఆ బంగారపు పండు వైపు చూస్తుండగా కత్తి తీసుకున్నాను.

కత్తి దిగగానే తెలిసిపోయింది. పైన బంగారం, లోపల బురద. గింజల చుట్టూ మొదలై తొక్క దాకా గోధుమరంగు గుజ్జు. పులిసిన వాసన గుప్పుమంది. వాసన చూడకూడదని ఇన్నాళ్లు ముక్కు బిగించుకున్నదాన్ని, ఒక్కసారిగా మొత్తం పీల్చేశాను.

పారేద్దామంటే నివేదన అయిపోయింది. అది ఇప్పుడు ప్రసాదం. ప్రసాదం పారేయకూడదని వాళ్లందరికీ నేర్పింది నేనే. వాళ్లకి వీపు చేసి కూర్చుని, గిన్నెలో అరటిపళ్లు, పంచదార, ఉన్న తేనె అంతా వేసి గట్టిగా పిసికాను. తలో చెంచా పెట్టాను. ప్రసాదానికి వంక పెట్టకూడదు, అదీ నేను నేర్పిందే. కళ్లకద్దుకుని మింగారు. ఒక్క ముఖంలోనూ చిన్న కదలిక లేదు. ఇంత నిష్ఠ గల మనుషుల్ని నేనే తయారు చేశానా అని భయం వేసింది. మంగఫ్ నుంచి వచ్చే మా గోదావరి పెద్దాయన కాసేపు కళ్లు మూసుకుని ఉండి, "విదేశీ పండు కదమ్మా. మన నాలికకి కొంచెం అలవాటవ్వాలండి, ఆయ్," అన్నాడు.

కడప పిల్ల నాలిక మీద పెట్టుకుని, చప్పరించి, నా చెవి దగ్గరికి వంగింది.

"అక్కా, ఈ దేశంలో కల్లు దొరకదంటారే?"

"నోర్ముయ్యవే. ప్రసాదం."

"ప్రసాదమే. ఇంగొంచెం పెట్టు."

నాకు నవ్వాగలేదు. తాళాలకి చుట్టిన రుమాలు ఒకటి లాగి నోటికి అడ్డం పెట్టుకున్నాను. భక్తితో కన్నీళ్లు వచ్చాయనుకుని ఒకామె నా వీపు నిమిరింది. ఆ చెయ్యి వీపు మీద ఉండగానే పెద్ద మామా గుర్తొచ్చింది. నవ్వు అక్కడే ఆగిపోయింది.

ఇంటికి రాగానే చెట్ల దగ్గరికి పరిగెత్తాను. ఒక్కో సంచీ విప్పి మెడ దగ్గర బొటనవేలితో నొక్కాను. వేలు లోపలికి దిగింది. పసుపు సంచీలోదీ అంతే, చిలకపచ్చ సంచీలోదీ అంతే. అన్నీ ఒక్క రోజున పండాయి, అన్నీ ఒక్కలాగే లోపల పోయాయి. చివరిదాన్ని నొక్కే ముందు ఒక నామం కూడా చదివాను. అదీ మెత్తగా దిగింది.

పెద్ద మామా గదిలో మంచం మీద కూర్చుని ఉంది.

"నీ దేవుడిది అయ్యిందా?"

"అయ్యింది మామా."

"మరి నాది?"

నేను చెప్పాను. ఆవిడ తిట్టలేదు. "అవును," అంది, ఎవరో వాతావరణం చెబితే విన్నట్టు. "అర్మూత్ లోపలినుంచి పండుతుంది. చెట్టున వదిలేస్తే పైకి కనబడేసరికి లోపల అయిపోతుంది. అందుకే సొరుగు." తర్వాత టీవీ వైపు తిరిగి, "పోనీలే, కూతురింట్లో తింటాను," అంది.

అవి వాళ్ల చెట్లవని ఆ చలికాలంలో అన్నది ఆవిడే.

నా గదిలోకి వెళ్లి అల్మారా తెరిచాను. తలుపు లోపలివైపు స్వామి పటం అంటించుకున్నాను. ఉపన్యాసం ఇవ్వడానికి అక్కడ ఎవరూ లేరు. నీకు పెట్టిందీ పాడైనదే, ఆవిడకి మిగిల్చిందీ పాడైనదే, ఈ మొక్కు వల్ల బాగుపడింది ఎవరు స్వామీ అని అడిగాను. పటంలో ఆయన ఎప్పుడూ నవ్వుతూనే ఉంటాడు. ఆ రోజు మాత్రం ఆ నవ్వు ప్రత్యేకంగా నా కోసమే అనిపించింది.

మర్నాడు పెట్టెలు సర్దుతున్నాం. అక్కడ చలి కాబట్టి ఉన్ని బట్టలు తియ్యమంది పెద్ద మామా. ఆవిడ గదిలో ఏసీ ఎప్పుడూ ఎంత చల్లగా ఉంటుందంటే, వేసవిలో కూడా నేను అక్కడికి స్వెటర్ వేసుకునే వెళ్తాను. గోడవార చెక్క బీరువా, దాని అడుగున సొరుగు. లాగాను.

వాసన ముందు వచ్చింది. తేనె, మల్లెపూలు, ఇంకా ఏదో, నాకు పేరు తెలియనిది. ఆవిడ బూడిదరంగు శాలువా మడత తీస్తే, మధ్యలో ఎర్ర రవికె ముక్క సంచీ. నేను కుట్టిందే. దుమ్ము తుఫానుకి రాలిపడి, నేను గట్టు మీద పడేసి మర్చిపోయిన కాయ.

"మామా, ఇది..."

ఆవిడ నావైపు చూసింది. దాచి మర్చిపోయిన మనిషి చూపో, మర్చిపోని మనిషి చూపో ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను.

"సొరుగు," అంది. అంతే.

పండు చేతిలోకి తీసుకుని మెడ దగ్గర నొక్కింది. వేలు దిగలేదు, కొంచెం లొంగిందంతే. పళ్లెం, చాకు తెచ్చి కోశాను. లోపల వెన్నలా తెల్లగా ఉంది, రసం శాలువా మీద కారింది. మొదటి ముక్క ఆవిడకి అందించాను. తీసుకోలేదు.

"ముందు నీ దేవుడికి."

"నిన్న పెట్టేశాను కదా మామా."

"నిన్న పాడైంది పెట్టావ్. నేను నీకు పాచిపోయిన అన్నం పెట్టి, భోజనం పెట్టానంటే ఒప్పుకుంటావా? మాటంటే మాట. ఆయన తినకుండా నేను తినను."

నేను ముక్క పట్టుకుని నిలబడిపోయాను. అది నేల రాలింది. చెట్టున పండలేదు. ఆవిడ కట్టి విడిచిన శాలువాలో ఇన్నాళ్లూ పడుకుంది. వాసన సంగతి చెప్పనే అక్కర్లేదు, సొరుగు లాగిన క్షణమే గుండెల నిండా పీల్చేశాను. మహబూలాలో ఎవరైనా ఇలాంటి పండు తెస్తే, గుమ్మం లోపలికి రానిచ్చేదాన్ని కాదు. నా నియమాల్లో ఇది మీరని నియమం ఒక్కటీ లేదు. కానీ వేరే పండు లేదు. మర్నాడు ప్రయాణం. ఆవిడ చేతులు ఒళ్లో పెట్టుకుని, ఎదురుచూస్తూ, బుద్ధిగా కూర్చుంది. చేతిలో ముక్క అంచులు రంగు మారుతున్నాయి.

మంచం పక్కన ఆవిడ మందులు వేసుకునే గ్లాసులో నీళ్లున్నాయి. వేళ్లు ముంచి పళ్లెం చుట్టూ తిప్పాను. నైవేద్య మంత్రం నోటికి రాలేదు. ఎవరైనా అందులో ఒక్క అక్షరం మింగితే భజన ఆపి దిద్దేదాన్ని, నాకు మొదటి పదం కూడా తట్టలేదు. "స్వామీ, త్వరగా తిను. ఆవిడ ఆకలితో ఉంది," అన్నాను, పిల్లల్ని అన్నానికి పిలిచినట్టు.

"అయ్యిందా?"

"అయ్యింది."

"నీ దేవుడు తొందరగా తింటాడు," అని ముక్క తీసుకుంది.

నమలడానికి చాలాసేపు పట్టింది. నేను ఆవిడ దవడ వైపే చూస్తున్నాను.

"ఎలా ఉంది మామా?"

"కొండల ఊరిది ఇంకా తీపి." ఇంకో ముక్క తీసుకుంది. "ఇది నాది."

ఆ రోజుల్లో పళ్లెం పక్కకి నెట్టని ఒకే ఒక్కసారి అది. చివర్లో ఒక ముక్క మాత్రం నావైపు జరిపింది. తిన్నాను. అది ప్రసాదమో కాదో, నిన్నటిదాకా అయితే వెంటనే తేల్చి చెప్పేదాన్ని. వేళ్లకి అంటిన రసం కూడా నాకేశాను.

శాలువా మీద మరక పడింది. "ఇటివ్వు మామా, ఉతికేస్తాను, రేపటికి ఆరిపోతుంది," అన్నాను.

"ఉతక్కు. వాసన పోతుంది."

నేను ముట్టిన ప్రతి గుడ్డా ఉతికే మనిషిని. దాన్ని మరకతో సహా అలాగే మడిచి, పెట్టెలో అన్నిటికన్నా పైన పెట్టి, జిప్పు వేశాను. ఆవిడ నమాజుకి లేచి వెళ్లింది. గదిలో ఎవరూ లేరు. జిప్పు కొంచెం తెరిచి వాసన చూశాను. వాసన చూసింది పనికిరాదని గుర్తొచ్చింది. ఇంకోసారి చూశాను.